బీజింగ్ దత్తపుత్రుడు

*ఒక్క సీజన్ ఆడి డబ్బు తీసుకుని వెళ్లిపోతాడనుకున్న ఆటగాడు ఎనిమిదేళ్లు అక్కడే ఉండిపోయాడు. తన దేశం వద్దనుకున్నవాడికి పరాయి నగరం విగ్రహం పెట్టింది. కొత్త లీగ్‌లు పుట్టుకొస్తున్న మన దేశానికి స్టెఫాన్ మార్బరీ ప్రయాణంలో నేర్చుకోవలసింది చాలా ఉంది.*

2012 మార్చి 30. బీజింగ్‌లోని వుకెసాంగ్ అరేనా. నాలుగేళ్ల కిందట ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్ జరిగిన హాలు కిక్కిరిసిపోయింది. చైనీస్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ లీగ్ ఫైనల్స్‌లో అయిదో మ్యాచ్. ఒకవైపు అంతకుముందు ఎనిమిది సీజన్లలో ఏడుసార్లు టైటిల్ గెలిచిన గ్వాంగ్‌డాంగ్. మరోవైపు ఆ లీగ్‌లో ఒక్కసారి కూడా కప్పు ముట్టుకోని బీజింగ్ డక్స్. ఆట ముగిసేసరికి బోర్డు మీద 124-121. గెలిచింది బీజింగ్.

అందులో 41 పాయింట్లు ఒక్కడివే. వయసు 35. తలమీదా ఒంటిమీదా పచ్చబొట్లు. సహచరులు గంతులేస్తుంటే అతడు మాత్రం వెక్కివెక్కి ఏడ్చాడు. స్టాండ్స్‌లో వేలమంది అతడి పేరే అరుస్తున్నారు. వాళ్ల భాష అతడికి అంతంతమాత్రమే వచ్చు. ఆ కన్నీళ్లకు మాత్రం ఎవరూ తర్జుమా చెప్పనక్కర్లేకపోయింది.

మూడేళ్ల కిందట ఇదే మనిషిని న్యూయార్క్ పత్రికలు స్వార్థపరుడన్నాయి, జట్లను పాడుచేసేవాడన్నాయి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో అతడికి చోటు లేకుండా పోయింది. అలాంటివాడు బీజింగ్‌కు ఆప్తుడెలా అయ్యాడు?

మనకెందుకీ కథ?

2025 జనవరిలో ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ‘ప్రో’ పోటీలు ఆరు జట్లతో ఢిల్లీలో మొదలయ్యాయి. అందులో హైదరాబాద్ ఫాల్కన్స్ ఒకటి. పాతికేళ్లలోపు భారతీయ కుర్రాళ్లకు వేదిక కల్పిస్తూనే విదేశీ ఆటగాళ్లకూ చోటిచ్చిన లీగ్ ఇది. అంతకు పదేళ్ల ముందు, 2015లో, యూబీఏ ప్రో లీగ్ పేరుతో మరో ప్రయత్నం జరిగింది. అప్పుడూ మనకు హైదరాబాద్ స్కై అనే జట్టుండేది. 2017 తర్వాత ఆ లీగ్ ఊసు లేదు.

ఏ దేశంలోనైనా లీగ్ పెట్టిన మొదటి రోజుల్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటే. బయటి నుంచి ఎవర్ని తేవాలి, ఎందుకు తేవాలి? టీవీకి పేరున్న మొహం కావాలి. యజమానికి గెలుపు కావాలి. స్థానిక కుర్రాడికి పక్కన నిలబడి నేర్పే మనిషి కావాలి. ఈ మూడూ ఒకే ఆటగాడిలో దొరకడం అరుదు. మార్బరీలో దొరికాయి. అయితే అవి మొదటి రోజునే దొరకలేదు, మొదటి జట్టుకూ దొరకలేదు.

నాలుగో కొడుకు

న్యూయార్క్‌లో సముద్రం ఒడ్డున ఉండే కోనీ ఐలాండ్‌లో, పేదలకు ప్రభుత్వం కట్టించిన ఇళ్ల సముదాయంలో పెరిగాడు మార్బరీ. 1977 ఫిబ్రవరి 20న పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో ఆరోవాడు. ముగ్గురు అన్నలూ బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లే. ముగ్గురూ ఎన్‌బీఏ గడప దాకా వెళ్లాలని కలలుగని ఆగిపోయినవాళ్లే. ఇంటి ఆశంతా నాలుగో కొడుకు మీదికి చేరింది. అతడు హైస్కూల్లో చేరిన తొలి ఏడాదే, పద్నాలుగేళ్లకే, ఒక రచయిత పుస్తకంలో పాత్రయ్యాడు. డారసీ ఫ్రే రాసిన ‘ద లాస్ట్ షాట్’ 1994లో వచ్చింది.

జార్జియా టెక్‌లో ఒక్క ఏడాది చదివి, 1996 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో నాలుగో ఆటగాడిగా ఎంపికయ్యాడు. మిన్నెసోటా, న్యూజెర్సీ, ఫీనిక్స్ జట్ల మీదుగా 2004లో సొంతూరి జట్టు న్యూయార్క్ నిక్స్‌కు చేరాడు. రెండుసార్లు ఆల్‌స్టార్. ఎన్‌బీఏ జీవితం మొత్తం మీద మ్యాచ్‌కు సగటున 19.3 పాయింట్లు, 7.6 అసిస్ట్‌లు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్పెయిన్ మీద ఒక్క మ్యాచ్‌లోనే 31 పాయింట్లు చేశాడు.

అతడి మనసెలాంటిదో తెలియాలంటే అంకెలు పక్కనపెట్టి ఒక జత బూట్ల గురించి చెప్పాలి. పేరున్న ఆటగాళ్ల బూట్లు వంద డాలర్లు దాటి అమ్ముడుపోతున్న 2006లో అతడు ‘స్టార్‌బరీ’ పేరుతో ఒక జత తెచ్చాడు. ధర 14 డాలర్ల 98 సెంట్లు. అవే వేసుకుని ఎన్‌బీఏ మ్యాచ్‌లు ఆడాడు. తన వీధి పిల్లల తల్లులు ఆ బూట్లు కొనగలగాలన్నది అతడి పట్టుదల. స్వార్థపరుడని ముద్రపడిన మనిషి చేసిన పని ఇది.

కూలిన రోజులు

2007 డిసెంబర్ 2న నిక్స్ మ్యాచ్ జరుగుతుండగా అతడి తండ్రి కన్నుమూశాడు. ఆ తర్వాత కోచ్‌లతో గొడవలు ముదిరాయి. 2008-09 సీజన్‌లో జట్టు అతడికి కోట్ల డాలర్ల జీతమిస్తూనే ఆడనివ్వకుండా కూర్చోబెట్టింది. చివరికి ఒప్పందం తెంచుకుని బోస్టన్‌లో కొద్ది మ్యాచ్‌లు ఆడాడు.

2009 వేసవిలో ఇంట్లో కెమెరా పెట్టుకుని గంటలకొద్దీ ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. ఆ ప్రసారంలో ఏడ్చాడు, వ్యాజిలైన్ తిన్నాడు. లోకమంతా నవ్వింది. కుంగుబాటుతో ఉన్న మనిషి సాయం కోసం పెడుతున్న కేక అదని గుర్తుపట్టినవాళ్లు తక్కువ. ఆ రోజుల్లో చచ్చిపోవాలనిపించిందని తర్వాత అతడే చెప్పుకున్నాడు. 15 కోట్ల డాలర్లకు పైగా సంపాదించిన చేతులకు ఆడుకోవడానికి బంతి లేకుండా పోయింది.

బొగ్గు నేల మీద కొత్త ఆట

2010 జనవరిలో అతడు చైనాలో దిగిన ఊరు తైయువాన్. బొగ్గు గనులకు పేరుపడిన షాన్సీ రాష్ట్రానికి రాజధాని. ఎముకలు కొరికే చలి, పొగ కమ్మిన ఆకాశం. అక్కడ అతడు చేరిన జట్టు పేరు షాన్సీ బ్రేవ్ డ్రాగన్స్. యజమాని ఉక్కు వ్యాపారి.

ఆ జట్టుకు అమెరికన్ ఆటగాళ్లు కొత్తేమీ కాదు. అంతకుముందు సీజన్‌లోనే ఎన్‌బీఏ నుంచి బోంజీ వెల్స్ వచ్చాడు. మ్యాచ్‌కు సగటున 30కి పైగా పాయింట్లు కుమ్మరించాడు. చైనా కొత్త సంవత్సరం సెలవులకు ఇంటికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆ సీజన్ అంతా జట్టుతో తిరిగిన జర్నలిస్టు జిమ్ యార్డ్‌లీ దాన్ని ‘బ్రేవ్ డ్రాగన్స్’ అనే పుస్తకంగా రాశారు.

ఇంపోర్ట్ ఆటగాడంటే, అంటే విదేశీ ఆటగాడంటే, క్లబ్బులకు ఉన్న అభిప్రాయం, క్లబ్బులంటే ఆటగాళ్లకు ఉన్న అభిప్రాయం ఆ ఒక్క సీజన్‌లోనే తెలిసిపోతాయి. దుక్కి రోజుల్లో అద్దెకు తెచ్చిన ఎడ్ల జతలా వాడుకోవడం వాళ్ల లెక్క. కూలి దక్కగానే వెళ్లిపోవడం వీళ్ల లెక్క. రెండువైపులా నమ్మకం ఉండదు. నాలుగు మ్యాచ్‌లు ఓడితే ముందుగా టికెట్ తెగేది ఇంపోర్ట్‌కే. హోటల్ గదిలో ఉండి, దుభాషి నోటితో మాట్లాడుతూ, రేపు ఉంటాడో లేడో తెలియని మనిషి జట్టు కుర్రాళ్లతో ఏం అనుబంధం పెంచుకుంటాడు?

మార్బరీ కూడా ఒక సీజన్ కోసం వచ్చినవాడే. అయితే అతడికి వెనక్కి వెళ్లడానికి చోటు లేదు. ఆ లేమే అతడిని నిలబెట్టింది. వచ్చిన రెండు నెలల్లోనే లీగ్ ఆల్‌స్టార్ మ్యాచ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. తైయువాన్ జనం అతడిని నెత్తిన పెట్టుకున్నారు. అక్కడే ఉంటానన్నాడు, కానీ క్లబ్బుతో ఒప్పందం ముందుకు సాగలేదు. తర్వాతి సీజన్ దక్షిణాన ఫోషాన్‌లో గడిచింది. ఆ జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు. 34 ఏళ్ల ఆటగాడు వరుసగా రెండు చిన్న జట్లు మారితే సాధారణంగా ఆ కథ అక్కడితో ముగుస్తుంది.

---

బాక్స్: ఇంపోర్ట్ ఆటగాడి కాగితాలు

• ఒక దేశం నుంచి మరో దేశపు లీగ్‌కు వెళ్లాలంటే పాత సమాఖ్య ఇచ్చే ‘లెటర్ ఆఫ్ క్లియరెన్స్’ తప్పనిసరి. అది లేకుండా కోర్టులో అడుగుపెట్టలేడు.

• జీతాల ఎగవేత ఇంపోర్ట్ ఆటగాళ్లకు ఉండే అతి పెద్ద భయం. ఇలాంటి వివాదాల పరిష్కారానికి అంతర్జాతీయ సమాఖ్య ఫిబా 2007లో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసింది. అది జెనీవా కేంద్రంగా పనిచేస్తుంది.

• 2011లో ఎన్‌బీఏ లాకౌట్ సమయంలో చైనా లీగ్ ఒక షరతు పెట్టింది. ఒప్పందం మీద ఎన్‌బీఏ ఆటగాడు సంతకం చేస్తే, లాకౌట్ ముగిసినా సీజన్ మధ్యలో వెళ్లిపోకూడదు. జె.ఆర్. స్మిత్, కెన్యాన్ మార్టిన్, విల్సన్ చాండ్లర్ ఆ షరతుకు ఒప్పుకునే వచ్చారు.

• సైన్యానికి చెందిన బాయీ రాకెట్స్ ఏనాడూ విదేశీయుల్ని తీసుకోలేదు. 1995లో లీగ్ మొదలయ్యాక తొలి ఆరు టైటిళ్లూ ఆ జట్టువే. 2020లో లీగ్ నుంచి తప్పుకుంది.

---

చివరి క్వార్టర్ రహస్యం

2011లో బీజింగ్ డక్స్ అతడిని తీసుకుంది. జట్టు వెనకున్నది షౌగాంగ్ ఉక్కు సంస్థ, కోచ్ మిన్ లులెయ్. రెండో ఇంపోర్ట్ రాండాల్ఫ్ మోరిస్, మార్బరీకి నిక్స్ రోజుల నుంచి తెలిసినవాడే. కొత్త సీజన్‌లో బీజింగ్ వరుసగా 13 మ్యాచ్‌లు గెలిచింది.

ఈ విజయం వెనక లీగ్ నిబంధన ఒకటుంది. అప్పట్లో జట్టుకు ఇద్దరు ఇంపోర్ట్‌లున్నా, చివరి క్వార్టర్‌లో ఒక్కరే కోర్టులో ఉండాల్సి వచ్చేది. అంటే గెలుపోటములు తేలే పన్నెండు నిమిషాల్లో అయిదుగురిలో నలుగురు స్థానికులే. మొదటి మూడు క్వార్టర్లూ బంతి తన చేతిలోనే ఉంచుకున్న విదేశీ స్టార్, ఆఖర్న ఉన్నట్టుండి పాస్ ఇస్తే అందుకునే ధైర్యం ఆ కుర్రాళ్లకు ఎక్కడిది?

మార్బరీ ఈ సంగతి పట్టుకున్నాడు. ప్రాక్టీస్‌కు ముందే వచ్చేవాడు. కుర్రాళ్లకు షాట్ తప్పితే మళ్లీ వాళ్లకే బంతి ఇచ్చేవాడు. జట్టు సమావేశాల్లో ధైర్యం చెప్పేవాడు. అభిమానులు మొదట ‘లావో మా’ అని పిలిచారు. పెద్దవాళ్లను చనువుగా పిలిచే పిలుపది. తర్వాత సైనిక దళాల్లో మనోబలం నింపే అధికారి హోదానిచ్చి ‘మా కమిసార్’ అన్నారు. ఎన్‌బీఏలో సహచరులతో పొసగదన్న పేరు మోసిన మనిషికి దక్కిన బిరుదు ఇది.

మనిషి మారాడా, మనుషులు మారారా? రెండూ జరిగాయని నా నమ్మకం. న్యూయార్క్‌లో అతడి ప్రతి తప్పూ మర్నాటి పత్రికలో పతాక శీర్షిక. బీజింగ్‌లో అతడి గతం ఎవరికీ పట్టలేదు. ఇప్పుడేం చేస్తున్నాడన్నదే వాళ్లు చూశారు. మచ్చ పడిన మనిషికి అంతకు మించిన వరం ఏముంటుంది?

విగ్రహం ఎందుకు పెట్టారంటే...

2012 ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు మార్బరీకి రాలేదు. అప్పట్లో విదేశీయులకు అది ఇచ్చేవారు కాదు. తైవాన్ నుంచి వచ్చిన సహచరుడు లీ సూయె-లిన్‌కు దక్కింది. బీజింగ్ అభిమానులు ఊరుకోలేదు. లీగ్ ఇవ్వనిది తామే ఇస్తామన్నట్టుగా ఆ ఏడాదే అరేనా బయట అతడి కంచు విగ్రహం వెలిసింది. మరుసటి ఏడాది ఉత్తమ విదేశీ ఆటగాడిగా లీగ్ గౌరవించింది. 2014లో బీజింగ్ మళ్లీ గెలిచింది. 2015లోనూ గెలిచింది. ఆ ఏడు ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి అవార్డు మార్బరీకే దక్కింది. మూడేళ్లలో నిబంధనే మారిపోయింది.

నగరం ఇచ్చినవి అక్కడితో ఆగలేదు. గౌరవ పౌరసత్వం, శాశ్వత నివాస హక్కు, అతడి బొమ్మతో తపాలా బిళ్లలు, అతడి పేరుతో మ్యూజియం. 2014లో అతడి జీవితం మీద రంగస్థల సంగీత నాటకం వేశారు, అందులో తన పాత్ర తనే వేశాడు. 2017లో సినిమా వచ్చింది. అతడు కూడా నగరంలో ఒకడిగానే బతికాడు. ట్రాఫిక్ తప్పించుకోవడానికి మెట్రో రైలెక్కేవాడు. ‘చైనా డైలీ’కి కాలమ్ రాశాడు. ఆటగాడి హోదా హోటల్ గదిలో ఉంటే దొరుకుతుంది. ఊరి మనిషి హోదా దక్కాలంటే ఊళ్లో తిరగాల్సిందే.

తీపి ఒక్కటే కాదు

విగ్రహం పెట్టిన చోట కూడా వ్యాపారం వ్యాపారమే. 2017లో డక్స్ అతడిని ఆటగాడిగా కొనసాగించడానికి ఇష్టపడలేదు. కోచింగ్ బృందంలో చేరమంది. అతడు ఇంకో ఏడాది ఆడతానన్నాడు. చివరికి అదే నగరంలోని మరో జట్టు బీజింగ్ ఫ్లై డ్రాగన్స్‌లో చేరి, 2018 ఫిబ్రవరి 11న ఆఖరి మ్యాచ్ ఆడాడు. నలభై ఏళ్ల వయసులో 20 పాయింట్లు చేసి గెలిపించి మరీ సెలవు తీసుకున్నాడు. మరుసటి ఏడాది అదే క్లబ్బుకు హెడ్ కోచ్ అయ్యాడు.

2020 మార్చిలో కరోనా న్యూయార్క్‌ను ముంచెత్తినప్పుడు, చైనాలో తనకున్న పరిచయాలతో కోటి మాస్కులు లాభం లేని ధరకు పుట్టిన ఊరికి పంపించాలని ప్రయత్నించాడు. తనను వెళ్లగొట్టిన నగరానికి అతడు కీడు తలపెట్టలేదు.

ఇంపోర్ట్‌ల వల్ల చైనా బాస్కెట్‌బాల్ బాగుపడిందా అన్న ప్రశ్నకు మాత్రం సూటి జవాబు లేదు. స్టేడియాలు నిండాయి, టీవీ హక్కుల ధర పెరిగింది. కానీ జాతీయ జట్టు వెనకబడింది. 2019 ప్రపంచకప్‌లో, అదీ సొంతగడ్డ మీద, 24వ స్థానం. 2023లో 29వ స్థానం. 1984 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లో ఆడిన పురుషుల జట్టు టోక్యోకు, పారిస్‌కు అర్హత పొందలేకపోయింది. బంతిని నడిపించే గార్డు స్థానాల్లో క్లబ్బులు విదేశీయుల్ని పెట్టుకోవడం వల్ల స్థానిక గార్డులు ఎదగలేదన్న వాదన చైనాలోనే బలంగా ఉంది. యావ్ మింగ్ తరం తర్వాత అలాంటి ఎత్తు, నైపుణ్యం కలిసినవాళ్లు రాకపోవడమూ ఒక కారణమే. నిందంతా ఇంపోర్ట్‌ల మీద వేయడం న్యాయం కాదు. గెలుపు కోసం తెచ్చినవాళ్లకు నేర్పే బాధ్యత ఎవరూ అప్పగించలేదన్నది మాత్రం నిజం. మార్బరీ ఆ పని తనంతట తాను చేశాడు.

---

బాక్స్: ఇలాంటివాళ్లే మరికొందరు

• జస్టిన్ బ్రౌన్లీ, ఫిలిప్పీన్స్: ఆసియాలో తొలి ప్రొఫెషనల్ లీగ్ 1975లో పుట్టిన పీబీఏ. 2016లో జినెబ్రా జట్టుకు ఆఖరి క్షణపు షాట్‌తో టైటిల్ తెచ్చిన ఈ అమెరికన్‌కు 2023లో ఫిలిప్పీన్స్ పౌరసత్వం ఇచ్చింది. అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ దేశం బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచింది. 1962 తర్వాత అదే మొదటిది.

• లెరాయ్ లాగిన్స్, ఆస్ట్రేలియా: 1979లో మొదలైన ఆస్ట్రేలియా లీగ్‌లో ఆడటానికి బాల్టిమోర్ నుంచి వచ్చాడు. అక్కడే స్థిరపడి, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా తరఫున ఆడాడు.

---

మన ముంగిట్లో

విదేశీ ఆటగాడితో ఇలాంటి అనుబంధం తెలుగువాళ్లకు తెలియనిది కాదు. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున ఆడిన డేవిడ్ వార్నర్ 2016లో 848 పరుగులు చేసి, కెప్టెన్‌గా కప్పు తెచ్చాడు. లాక్‌డౌన్ రోజుల్లో భార్యాపిల్లలతో కలిసి తెలుగు పాటలకు స్టెప్పులేసి మన ఇళ్లలోకి వచ్చేశాడు. కేన్ విలియమ్సన్ మనకు ‘కేన్ మామ’ అయ్యాడు. వరస కలిపి పిలిచామంటే మనవాడనుకున్నట్టే. అదే వార్నర్‌ను 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తప్పించి, తర్వాత తుది జట్టులోంచీ తీసేసినప్పుడు మన అభిమానులకు కలిగిన బాధ గుర్తుందా? పరుగులు తగ్గాయి కాబట్టి అన్నది లెక్క. లెక్క తప్పని ఎవరూ అనలేరు. కానీ అన్నేళ్లు జట్టును మోసిన మనిషిని సాగనంపే తీరు అది కాదని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

క్రికెట్‌కు డబ్బుంది, జనముంది, పొరపాట్లను తట్టుకుంటుంది. బాస్కెట్‌బాల్ పరిస్థితి అది కాదు. మన పురుషుల జట్టు ఒలింపిక్స్‌లో ఆడింది ఒకే ఒక్కసారి, 1980 మాస్కోలో. 2015లో సత్నామ్ సింగ్‌ను ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో డాలస్ ఎంచుకున్నప్పుడు దేశమంతా సంబరపడింది. ఆ సంబరం వెనక నిలబడటానికి అప్పట్లో సరైన లీగే లేదు. ఇప్పుడు ఒక లీగ్ తలెత్తుతోంది. దానికి ఏటా మొహాలు మార్చే ఇంపోర్ట్‌లు అక్కరకు రారు.

అందుకే మన లీగ్ నిర్వాహకులు, జట్ల యజమానులు మార్బరీ అనుభవం నుంచి మూడు విషయాలు తీసుకోవాలి. ఒకటి, విదేశీ ఆటగాడితో కనీసం రెండు మూడు సీజన్ల ఒప్పందం చేసుకోవాలి. ఒక్క సీజన్ మనిషికి ఊరి మీద మమకారం పుట్టే వ్యవధి ఉండదు. రెండు, ఆఖరి నిమిషాల్లో బంతి మన కుర్రాళ్ల చేతుల్లో ఉండేలా నిబంధనలు రాయాలి. బీజింగ్‌ను బీజింగ్ చేసింది ఆ నిబంధనే. మూడు, సీజన్ లేని నెలల్లో అతడు స్కూళ్లలో, కాలేజీల్లో పిల్లలకు ఆట నేర్పడం ఒప్పందంలోనే ఉండాలి. వరంగల్‌లోనో విజయవాడలోనో సిమెంటు కోర్టు మీద చెప్పుల్లేకుండా ఆడే పిల్లకు, ఎన్‌బీఏ దాకా వెళ్లొచ్చిన మనిషి ఒక్క సాయంత్రం పక్కన నిలబడి మణికట్టు ఎలా తిప్పాలో చూపిస్తే, ఆ పాఠం ఏ టీవీ ప్రసారమూ ఇవ్వలేదు.

దానికి బదులుగా మనం ఇవ్వాల్సిందీ ఉంది. సమయానికి జీతం, దెబ్బ తగిలితే వైద్యం, ఓడిన రోజున కూడా గౌరవం. మార్బరీ బీజింగ్‌కు మూడు కప్పులు ఇచ్చాడు. అంతకుముందే బీజింగ్ అతడికి బతకాలన్న ఆశ ఇచ్చింది. ఆ ఇచ్చిపుచ్చుకోవడానికి సిద్ధపడిన లీగే పదేళ్ల తర్వాత కూడా నిలిచి ఉంటుంది.